కళ్ళు తెరవకూడని గంట

కిందటి వారం మిమ్మల్ని ఎక్కడ వదిలిపెట్టానో నాకు గుర్తుంది. చేతులు కడుక్కునే పొట్టి కుళాయిల దగ్గర. మా వాకబు నా మోచెయ్యి గిల్లి, "పిన్నీ, తలలో ఉన్నవి ఊడిపోతాయా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా అత్తయ్య నిద్రగంట మోగించింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మా అత్తయ్య ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పసిపిల్లల బడిలో పనిచేసింది. పాఠాలు చెప్పే పని కాదు, మధ్యాహ్నం తినిపించి నిద్రపుచ్చే పని. మానేసి ఎన్నాళ్ళైనా వేసవి సెలవుల్లో బడి తాళాలు ఆవిడ చేతికే ఇస్తారు. ఆ చనువుతో ఏటా ఒక వారం మా ఇరవైరెండు మందిమీ, వచ్చినన్ని కుక్కలూ ఆ బడిలో దిగుతాం. మోకాలెత్తు కుర్చీల్లో పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. పేర్లు చదవడం రాని పిల్లల కోసం గోడ కొక్కేలపైన బొమ్మలు వేసి ఉంటాయి. సంచులు తగిలించుకోవడానికి ఎవరి కొక్కెం వాళ్ళకుంది. నాది గొడుగు. మా ఆయనది తాబేలు. ఎవరు ఎంచారోగానీ మనిషిని బాగా ఎరిగినవాళ్ళే.

వాకబు మా బావగారి కూతురు, పదేళ్ళది. ఆ పేరు ఇంట్లో పెట్టిందే. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళు ఏం తిన్నారు, అన్నీ దానికి కావాలి. ఈ ఏడు మాత్రం పెద్దగా అడగడం లేదు. ఒక చిన్న పుస్తకం పట్టుకుని ఏదో రాసుకుంటూ తిరుగుతోంది. దర్యాప్తు కాగితాల మీదికి ఎక్కిందిరా అని మా ఆయన మూడు రోజులుగా నవ్వుతూనే ఉన్నాడు.

రెండున్నర నెలల కిందట దానికి పెద్ద జ్వరం వచ్చింది. ఇరవైనాలుగు రోజులు ఆస్పత్రి. అందులో ఎనిమిది రోజులు ఒంటి మీద తెలివి లేదు. లేచాక, కొన్ని విషయాలు కొన్నాళ్ళు గుర్తుకు రాకపోవచ్చు, ఏ బెంగా పెట్టకండి అన్నాడు డాక్టరు. ఆ మాట పిల్ల ముందే అన్నాడు మహానుభావుడు.

అది ఆస్పత్రిలో ఉండగానే దాని కుక్క బొత్తాం ఇంట్లోంచి వెళ్ళిపోయింది. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు దూదితో పాలు పట్టి పెంచుకుంది దాన్ని. ఒళ్ళంతా తెలుపు, వీపు మీద గోధుమరంగు మచ్చ ఒకటి, అచ్చం చొక్కాకి కుట్టినట్టు. మా బావగారిది తాళాలు బాగుచేసే దుకాణం. ఊరందరి తలుపులూ భద్రం చేసే మనిషి, కంగారులో తన గేటుకు గొళ్ళెం పెట్టడం మరిచిపోయానని తల బాదుకున్నాడు. వీధులన్నీ తిరిగాడు. దొరకలేదు. చివరికి దిక్కులేని కుక్కల్ని ఉంచే చోట అదే ఈడు, అదే ఎత్తు తెల్లకుక్క ఒకటి కనిపిస్తే తీసుకుని సరాసరి నా దగ్గరికి వచ్చాడు. గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుని, అద్దంలో తన మొహం తను చూసుకుంటూ ఏడ్చాడు.

నేను జుట్టుకు రంగులు వేసే పని చేస్తాను. మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

కుక్క ఒంటికి పడేలా, ఆకులతో చేసిన గోధుమరంగు కలిపాను. టీ కప్పు బోర్లించి, చుట్టూ గీత గీసి, లోపల నింపాను. రెండు వారాలకోసారి మళ్ళీ పూస్తున్నాను. ఈ సంగతి మా బావగారికీ, ఆయన భార్యకీ, నాకూ తప్ప ఎవరికీ తెలీదు. మా ఆయనకు చెప్పలేదు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అయితే ఈ వేసవి మొదటిరోజే మా అత్తయ్య ముసలికుక్క దొరగారు, అంటే అసలు బొత్తానికి కన్నతండ్రి, కొత్తదాన్ని ఒక్కసారి వాసన చూసి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏటా కూతుర్ని చూడగానే నేల మీద పడి దొర్లేవాడు. అది వాకబు చూసింది.

అక్కడినుంచి ఈ వారం.

*

గంట మోగగానే అందరం నిద్రహాల్లోకి నడిచాం. బయట ఎండ పెళపెళలాడుతోందిగానీ ఆ హాల్లో ఎప్పుడూ సాయంత్రమే. కిటికీలకు ఆకుపచ్చ తెరలు. ఎండ వాటిలోంచి వడగట్టుకుని వచ్చేసరికి, గోడలూ, మనుషులూ, పైన నెమ్మదిగా తిరిగే పంకాలూ అన్నీ పచ్చటి నీళ్ళ అడుగున ఉన్నట్టుంటాయి. పిల్లల మంచాలు మూడడుగులవి. మా ఆడపడుచు కవలపిల్లలకు తప్ప ఎవరికీ చాలవు కనుక మిగిలినవాళ్ళం నేలమీద చాపలు పరుచుకుంటాం. ఎవరి కాలు ఎవరి తల దగ్గర ఉందో చూసుకోం. గోడవారన ఒక పొట్టి కుర్చీలో అత్తయ్య, ఒళ్ళో ఇత్తడి గంట.

ఈ గంటసేపటికి ఆవిడ పెట్టిన నియమాలు బడిలోవే. కళ్ళు మూసుకోవాలి. నిద్ర పట్టనివాళ్ళు మాట్లాడుకోవచ్చు. ఎవరేం చెప్పినా ఎవరూ బదులు పలకకూడదు. గంట మోగాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. పసివాళ్ళు వాళ్ళ బెంగలు వాళ్ళే చెప్పుకుంటూ నిద్రపోయేవాళ్ళట. అదే పద్ధతి మా ఇంట్లో పెద్దవాళ్ళకూ పనికొచ్చింది. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు కాలవలోకి తోసింది తనేనని మా ఆయన ఇక్కడే చెప్పాడు. బావగారికి పళ్ళు కొరుక్కుంటూ పడుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది. నేను కాపురానికొచ్చిన మొదటి వేసవిలో, "మీరంతా ఒకేసారి మాట్లాడతారు, నాకు తల పగిలిపోతోంది" అనేశాను. ఎవరూ పలకలేదు. సాయంత్రం చూస్తే నా కుర్చీ ఒక్కటీ తీసుకెళ్ళి వరండా చివర, నీడలో, వేసి ఉంది. ఎవరు వేశారో ఇప్పటికీ తెలీదు. ఈ ఇంట్లో నేను నిలదొక్కుకున్నది ఆ కుర్చీలోనే.

నా పక్కన మా ఆయన. అవతల అక్క, అంటే బావగారి భార్య, మా తోడికోడలు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని ఆవిడది. నెమ్మదైన మనిషి. ఈ మధ్య మరీ నెమ్మదించింది. శనివారాలు పని పెరిగిందంటూ చీకటి పడ్డాకగానీ ఇల్లు చేరడం లేదు. ఆవిడ పక్కన బావగారు. ఆయన కాళ్ళ దగ్గర వాకబు, దానికి ఆనుకుని నేను రంగు వేసిన కుక్క. పొద్దున్నే అందరూ లేవకముందు కుళాయిల వెనక దాని మచ్చకి మళ్ళీ రంగు పూశాను. నా గోళ్ళ అంచుల్లో గోధుమరంగు ఇంకా వదల్లేదు. చేతులు దుప్పటి కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

కాసేపు ఏమీ లేదు. పంకాల చప్పుడు, ఎవరిదో సన్నటి గురక, అది దొరగారిదేనని నా అనుమానం. తర్వాత కవలల్లో ఒకడు, "చేప కొక్కెం సంచిలో కప్పని పెట్టింది నేను కాదు, వీడు" అన్నాడు. రెండోవాడు పలకబోయి నియమం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. చేప కొక్కెం వాళ్ళ అమ్మది. ఆవిడ ఊపిరి బిగబట్టడం హాలంతా వినిపించింది. ఎవరికో నవ్వు తన్నుకొచ్చి దగ్గుగా మార్చుకున్నారు. ఆ దగ్గు కూడా సద్దుమణిగింది. నాకు కళ్ళ వెనక పచ్చటి మగత కమ్ముకొస్తోంది, ఒళ్ళు తేలిపోతోంది.

"నేను ఒకటి చెప్పొచ్చా?"

వాకబు గొంతు. నిద్ర నా ఒంట్లోంచి దిగిపోయింది.

"నా తల పాడైపోయింది," అంది అది. ఏడుపు లేదు. బడిలో హాజరు పలికినట్టే ఉంది. "జ్వరానికి. డాక్టరుగారు చెప్పినట్టే అయింది. నేను పరీక్ష చేసుకున్నాను. ఎక్కాలు పదహారో ఎక్కం దాకా ఉన్నాయి. కళ్ళు మూసుకుని మా వీధిలో గుమ్మాలు లెక్కపెట్టుకుని, తర్వాత వెళ్ళి చూశాను. ముప్పై నాలుగు, సరిపోయాయి. బొత్తాం ఒక్కటే పోయింది."

పంకా తిరుగుతూనే ఉంది.

"నా తలలో ఉన్న బొత్తాం పడుకునే ముందు మూడు చుట్లు తిరిగి తుమ్ముతుంది. ఇది తిరగదు, తుమ్మదు. నా తలలో ఉన్నది నా ఎడమ చెప్పే ఎత్తుకుపోతుంది, కుడిది ముట్టుకోదు. దీనికి చెప్పులంటేనే ఇష్టం లేదు. దాని మచ్చ గుండ్రంగా ఉండదు, ఒకవైపు కొంచెం సాగినట్టుంటుంది. పిన్నిని అడిగాను. గుండ్రంగానే ఉండేది, నీకే గుర్తులేదు అంది. అమ్మనడిగితే లేచి అవతలికి వెళ్ళింది. నాన్ననడిగితే నవ్వాడు. అందరికీ ఒకలా గుర్తుండి నాకొక్కదానికే వేరేగా గుర్తుంటే నాదే తప్పు కదా."

మా బావగారు ఊపిరి పీల్చడం ఆపేసినట్టున్నాడు.

"ఆస్పత్రిలో పక్కమంచం పిల్లకి రోజూ బొత్తాం కథలే చెప్పాను. తనకి నడవడం రాదు. కుక్కని ఎప్పుడూ ముట్టుకోలేదట. మూడు చుట్లు తిరిగి తుమ్ముతుందంటే ఎంత నవ్విందో. నాకు మళ్ళీ తెలివొచ్చేసరికి తను ఇంటికి వెళ్ళిపోయింది. ఆ కథలన్నీ జ్వరంలో నేను కల్పించుకున్నవేమో. తనకి అబద్ధాలు చెప్పానేమో."

పుస్తకం అట్ట చాప మీద రాసుకున్న చప్పుడు వినిపించింది.

"మిగతావి కూడా మెల్లిగా పోతాయనుకుంటా. ముందు కుక్క, తర్వాత మీరు. అందుకే పుస్తకంలో రాసుకుంటున్నాను, ఎవరి కొక్కెం ఏ బొమ్మో, ఎవరు ఎలా నవ్వుతారో. నాన్నమ్మ గంట ఎడంచేత్తో కొడుతుంది. బాబాయి తాబేలు, నవ్వితే భుజాలు ఎగరేస్తాడు. పిన్ని గొడుగు, అబద్ధం చెప్పదు. అలా. పుస్తకం మీలో ఎవరికైనా దొరికితే నాకే ఇచ్చెయ్యండి. గంట అయ్యాక అడగొద్దు. అంతే."

అంతే అంది. అయిపోయింది. ఇక ఎవరూ పలకకూడదు.

ఇన్నేళ్ళుగా ఆ నియమం నాకొక చల్లని చెట్టు నీడ. ఆ రోజు మాత్రం దాని కింద ఊపిరాడలేదు. పిన్ని గొడుగు, అబద్ధం చెప్పదు. గంట మోగితే చాలు, ఈ మాట ఎత్తే పనే లేదు, సాయంత్రానికి పిల్లకి ఇంకో బొమ్మ కొనిచ్చి సరిపెట్టుకోవచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు, దాచడమెందుకు. పిల్ల బాధపడకూడదని ఒక మచ్చ దిద్దాను. ఆ మచ్చని కాపాడుకోవడానికి పిల్ల తలనే తప్పు పట్టాను. రెండు నెలలుగా అది చీకట్లో తడుముకుంటూ తన బుర్రని తనే పరీక్షించుకుంటుంటే, నేను గోళ్ళు దాచుకుని తిరిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

కళ్ళు తెరిచాను.

పదకొండు వేసవుల్లో మొదటిసారి ఆ గంటలో కళ్ళు తెరిచాను. ఆకుపచ్చ వెలుతురులో అందరూ బోర్లా, వెల్లకిలా, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. మా ఆయన చెంపల మీద కన్నీళ్ళు చెవుల్లోకి దిగుతున్నాయి. గోడవారన పొట్టి కుర్చీలో అత్తయ్య కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. సూటిగా నన్నే చూస్తున్నాయి.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చూపు నెమ్మదిగా దిగి, దుప్పటి అంచు పట్టుకున్న నా వేళ్ళ మీద ఆగింది. ఆ రంగు పట్టిన గోళ్ళ మీద. తర్వాత ఆవిడ ఒళ్ళో గంటని తలకిందులు చేసి, దాని నాలుకని రెండు వేళ్ళతో పట్టుకుంది. మోగించను, కానియ్యి అన్నట్టు.

"వాకబూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీ తల బాగానే ఉంది."

చాపల మీద అలలా ఒక కదలిక. "పలకకూడదే," అన్నాడు మా ఆయన కళ్ళు మూసుకునే, ముక్కు ఎగబీలుస్తూ. "వద్దమ్మా," అన్నాడు బావగారు. "ఇప్పుడు వద్దు. దానికి బెంగ పెట్టొద్దన్నారు."

"ఇప్పుడు పెట్టుకున్నది బెంగ కాక మరేంటి బావగారూ?" అన్నాను లేచి కూర్చుంటూ. "మచ్చ కొంచెం సాగినట్టే ఉండేదే తల్లీ. నువ్వన్నదే నిజం. నేను అబద్ధం చెప్పాను."

అది లేచింది. మంచం మీది కవలలు, మా ఆడపడుచు, అందరూ ఒక్కొక్కళ్ళే కళ్ళు తెరిచారు. పట్టపగలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడానికి మొహమాటపడుతూ కూర్చున్నారు. అక్క మాత్రం లేవలేదు. కళ్ళు తెరవలేదు.

మాటలతో చెబితే నమ్ముతుందన్న ధైర్యం నాకు లేదు. మాటలు ఇదివరకే పాడుచేసుకున్నాను. గొడుగు కొక్కెం దగ్గరికి వెళ్ళి నా సంచిలోంచి పాపిటదువ్వెన తెచ్చాను. కుక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఇలా రా" అన్నాను వాకబుతో. వచ్చి కూర్చుంది. మచ్చ మధ్యలో వెంట్రుకలు పాయ తీసి పట్టుకున్నాను.

"మా దుకాణంలో అందరం ముందు చూసేది ఇదే. పైన ఎంత రంగైనా వెయ్యి, మొదళ్ళు చెప్పేస్తాయి. దగ్గరికి వచ్చి చూడు."

వాకబు ముక్కు కుక్క వీపుకి తగిలేంత వంగి చూసింది. గోధుమరంగు వెంట్రుక అడుగున, చర్మానికి ఆనుకుని, బియ్యపు గింజంత తెలుపు. పొద్దున పూసింది తొందరలో మొదళ్ళదాకా దిగలేదు. ఇంకోచోట పాయ తీశాను. అక్కడా తెలుపే. అది దువ్వెన నా చేతిలోంచి తీసుకుని తనే తీసి చూసింది. మూడుసార్లు, నాలుగుసార్లు. కుక్క కదలకుండా ఓర్చుకుంది.

"ఇది బొత్తాం కాదు," అంది.

"కాదు."

"నేను కల్పించలేదు."

"ఒక్క ముక్క కూడా కల్పించలేదు."

"మూడు చుట్లు?"

"తిరిగేది."

"తుమ్మేది?"

"ఎంత గట్టిగా తుమ్మేదంటే ఒకసారి మీ బాబాయి టీ ఒలకబోసుకున్నాడు."

"తాగుతూ కూర్చున్నవాణ్ణి, నా మీదే తుమ్మింది," అన్నాడు మా ఆయన, ఈసారి కళ్ళు తెరిచి. ఆయనకి సంగతి ఇంకా సగమే అర్థమైంది, ఆ సగానికే వెక్కుతున్నాడు.

వాకబు నవ్వింది. రెండున్నర నెలల్లో దాని పళ్ళు చూడటం అదే మొదలు. "అయితే నా తల బాగుంది," అంది వాళ్ళ నాన్న వైపు తిరిగి, శుభవార్త చెబుతున్నట్టు. "నాన్నా, బాగానే ఉందట." బావగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అప్పుడు నవ్వు ఆగి, అది నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోను.

"రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు పిన్నీ."

"తెలీలేదమ్మా."

"నువ్వు అడగలేదు. నేనే అన్నీ అడుగుతానంటారు అందరూ. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు." పుస్తకం తీసి, నా పేజీ వెతికి, పెన్సిలుతో ఏదో గీసేసింది. ఏ మాట గీసేసిందో నాకు తెలుసు.

అత్తయ్య గోడవారనుంచే అంది, "నీ పుస్తకంలో ఇంకోటి రాసుకో. నాన్నమ్మ ఈ గంటలో ఏనాడూ కళ్ళు మూసుకోదు. నలభైమంది పసివాళ్ళని పడుకోబెట్టి నేను కళ్ళు మూసుకుంటే ఉద్యోగం ఉండేదా? ఎవరు ఏడుస్తున్నారో చూడటానికే అక్కడ కూర్చోబెట్టారు నన్ను. నువ్వు మొదటిరోజునుంచీ నిద్రపోవడం లేదని చూశాను. నీ అంతట నువ్వు చెబుతావని ఆగాను. తప్పే చేశాను."

అది రాసుకుంది. తర్వాత కుక్క మెడ మీద చెయ్యి వేసింది. "దీని పేరేంటి మరి?"

బావగారు వేళ్ళ సందుల్లోంచి, "తెలీదురా. అక్కడ మెడకు ఒక నంబరు కట్టి ఉంది," అన్నాడు.

"పాపం, వేరేదాని పేరుతో పిలిచినా వచ్చింది," అంది వాకబు. కుక్క తోక ఒకసారి నేలకు కొట్టుకుంది. దూరంగా దొరగారు కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. తెర కొంచెం కదిలి, పచ్చటి వెలుగు పిల్ల మొహం మీదుగా పాకి గోడెక్కింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది నాకు. కానీ మా వాకబు ఆగే మనిషి కాదు. దాని తల దానికి తిరిగొచ్చింది.

"నా బొత్తాం ఏది నాన్నా?"

బావగారు చేతులు దించాడు. రెండు నెలలుగా మోస్తున్నది దించుకునే మనిషిలా నెమ్మదిగా చెప్పాడు. "గేటు తెరిచి ఉండిపోయింది తల్లీ. ఆ హడావుడిలో గొళ్ళెం వెయ్యడం మరిచాను. అది వెళ్ళిపోయింది. ఎంత వెతికానో నీకు తెలీదు. తప్పు నాదే."

"మీది కాదు."

అన్నది అక్క. చాప మీద వెల్లకిలా, కళ్ళు మూసుకునే ఉంది. చేతులు పొట్ట మీద పెనవేసుకుని ఉన్నాయి.

"మీరు గొళ్ళెం వేశారు. వేసే మీరు వెళ్ళారు. నేను తీశాను."

బావగారు భార్య వైపు తిరిగాడు.

"పిల్లకి తెలివి తప్పిన మర్నాడు. బట్టలు తీసుకుపోదామని ఇంటికొచ్చాను. అది ఖాళీ మంచం కింద దూరి ఏడుస్తోంది, అదో రకం ఏడుపు. కుక్క ఏడిస్తే ఇంటికి కీడంటారు. నేనలాంటివి నమ్మను. ఆ రోజు నమ్మాను. గేటు తీసి, పో అన్నాను. పోలేదు. రాయి తీసి బెదిరించాను. గేటు అవతల కూర్చుని నన్నే చూసిందిగానీ పోలేదు. దాన్ని అలా వీధిలో వదల్లేకపోయాను. తాడు కట్టి తీసుకెళ్ళి ఒక ఇంట్లో ఇచ్చాను. పిల్ల లేచాక తెచ్చేద్దామనుకున్నాను. అప్పటికి మీరు ఇంకో కుక్కని తెచ్చేశారు, చెల్లాయి మచ్చ దిద్దేసింది, మీరు మీదే తప్పని కుమిలిపోతున్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలీలేదు."

"బతికే ఉందా?" అంది వాకబు. గొంతు పీలగా వచ్చింది.

"ఉంది. శనివారం శనివారం వెళ్ళి చూసొస్తున్నాను." అక్క కళ్ళకొసల్లోంచి నీళ్ళు జారుతున్నాయిగానీ గొంతు మాత్రం వణకలేదు. "పడుకునే ముందు మూడు చుట్లు తిరుగుతోంది. తుమ్ముతోంది."

"ఎవరింట్లోనమ్మా?"

అప్పుడు అక్క కళ్ళు తెరిచింది. లేచి కూర్చుని, కూతురి మొహంలోకి చూసింది.

"ఆస్పత్రిలో నీ పక్కమంచం పిల్ల ఇంట్లో," అంది. "నువ్వు చెప్పిన కథలు విని ఆ పిల్ల రోజూ దాన్నే అడుగుతోందని వాళ్ళమ్మ చెప్పింది. ఇప్పుడు బొత్తాం మెడ పట్టుకుని లేచి నిలబడుతోంది. పోయిన వారం రెండు అడుగులు వేసింది."

వాకబు ఏడవలేదు. చాలాసేపు కుక్క వీపు మీద ఆ గుండ్రటి మచ్చనే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చాపల మీద కూర్చున్న అందరి కాళ్ళూ జాగ్రత్తగా దాటుకుంటూ కొక్కేల గోడ దగ్గరికి నడిచింది. గాలిపటం బొమ్మ కింద, దాని సంచి పక్కన వేలాడుతున్న మెడతాడు తీసి చేతికి చుట్టుకుంది.

"రేపు ఏ వారం నాన్నమ్మా?" అని అడిగింది.

"శనివారం," అంది అత్తయ్య.

"అయితే నేనూ వస్తాను అమ్మా."

చేతిలో తాడు ఒక్కటే ఉంది. అది బొత్తాన్ని తెచ్చుకోవడానికో, లేక ఈ పేరులేని దాన్ని అక్కడికి తీసుకెళ్ళి ఇచ్చిరావడానికో, దాని మొహంలో నాకు తెలియలేదు. అడుగుదామంటే నాకిక ఆ హక్కు లేదు.